జ్ఞాపకశక్తికీ ఒక సామాజిక చరిత్ర

వృద్ధాప్యంలో మతి తప్పడాన్ని వయసుకో, వంశానికో ఆపాదించి చేతులు దులుపుకోవడం సమాజానికి అలవాటు. అమెరికాలోని మెక్సికన్ సంతతి వృద్ధులపై మూడు దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధనలు ఈ అలవాటును ప్రశ్నిస్తున్నాయి.

1993-94లో టెక్సాస్, కాలిఫోర్నియా, అరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో రాష్ట్రాల్లో 65 ఏళ్లు పైబడిన 3,050 మంది మెక్సికన్ అమెరికన్లపై ఒక దీర్ఘకాలిక అధ్యయనం మొదలైంది. వారంతా 1930కి ముందు పుట్టినవారు. ఆ తరంలో వలస కూలీల పిల్లలు పొలాల్లో పెరిగారు. అమెరికాలోనే పుట్టిన అనేకులకు దక్కినవి వేరుచేసిన 'మెక్సికన్ బడులు'. కాలిఫోర్నియాలో ఆ వివక్షను మెండెజ్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తప్పుపట్టేసరికి 1947 వచ్చింది. అప్పటికి వారి బాల్యం ముగిసిపోయింది.

అటువంటివారిని మతి పరీక్ష వందలోంచి ఏడేసి తీసివేయమంటుంది, వాక్యం రాయమంటుంది, బొమ్మ చూసి గీయమంటుంది. స్పానిష్‌లోకి మార్చినా అవి బడి ప్రశ్నలే. పెన్సిలు పట్టనివ్వని చేతికి మార్కులు తగ్గితే లోపం మెదడుదా, వ్యవస్థదా?

అలాగని 'చదువులేనివారు కదా' అని సరిపెట్టుకుంటే నిజమైన జబ్బు మరుగున పడుతుంది. 1998లో మొదలైన శాక్రమెంటో అధ్యయనం ఈ వృద్ధుల్లో డిమెన్షియాకు మధుమేహంతో, పక్షవాతంతో ఉన్న బలమైన సంబంధాన్ని చూపింది. అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ-4 జన్యురూపమేమో వీరిలో శ్వేతజాతీయుల కంటే అరుదు. కనుక నెపాన్ని రక్తం మీదికి నెట్టడం కుదరదు. జాతి అనే గడిని కారణంగా కాక, నిరాకరణకు ఆనవాలుగా చదవాలి.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. లాసీ-డాడ్ అధ్యయనం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. స్త్రీలలో, గ్రామీణుల్లో, చదువు అందనివారిలో అది ఎక్కువ. బడి గడప తొక్కనివ్వని కులాల వృద్ధులు ఈ లెక్కలో ఎక్కడుంటారో వేరే చెప్పాలా?

కాబట్టి ఆరోగ్య సర్వేల్లో కులం గడి ఉండి తీరాలి. దాని పక్కనే బడి, పని, వైద్యం ఎంత అందాయన్న ప్రశ్నలూ ఉండాలి. నిరక్షరాస్యులకు తగిన పరీక్షను హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఎన్నడో హిందీలో రూపొందించారు. అలాంటిది తెలుగు పల్లెల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ చేరాలి, బీపీ, షుగర్ మందులు అక్కడ నిరంతరం దొరకాలి. బడిని నిరాకరించిన సమాజం వైద్యాన్నీ నిరాకరిస్తే, అది ఒకే మనిషికి ఒక జీవితకాలంలో రెండుసార్లు చేసిన అన్యాయం అవుతుంది.