పెట్టె మనింట్లో... తాళం వాళ్ల దగ్గర!

ఇంటర్నెట్ పెట్టెని ఓ మూలన పెట్టి మర్చిపోతాం. లైట్లు మిణుకుమిణుకుమంటే చాలు, అంతా బాగున్నట్టే! నిజానికి అదీ ఓ చిన్న కంప్యూటరే. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని ‘ఫర్మ్‌వేర్’ అంటారు. అందులో లోపం బయటపడితే కంపెనీవాళ్లే సరిచేసి పంపాలి. మోడల్ పాతబడిందా... పంపడం మానేస్తారు. పెట్టె మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, దొంగలకి తలుపు తెరిచిపెట్టి! 2018లో ‘వీపీఎన్‌ఫిల్టర్’ అనే దొంగ ప్రోగ్రాము 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, అలాంటి పరికరాల్లో దూరినట్టు తేలింది. రౌటర్లని ఓసారి ఆపి మళ్లీ వేయండంటూ ఎఫ్‌బీఐ జనానికి చెప్పాల్సివచ్చింది.

దీనికి విరుగుడు ఓ రౌటర్ నుంచే పుట్టింది. 2002 చివర్లో లింక్‌సిస్ సంస్థ ‘డబ్ల్యూఆర్‌టీ54జీ’ని మార్కెట్లోకి తెచ్చింది. లోపల నడుస్తున్నది లైనక్స్ అని ఔత్సాహికులు కనిపెట్టారు. లైనక్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, కానీ దాంతో చేసిన వస్తువు అమ్మితే ఆ సోర్సుకోడ్‌ని కొన్నవాళ్లకి ఇవ్వాలన్నది షరతు. ఒత్తిడి పెరగడంతో 2003లో కంపెనీ కోడ్‌ని బయటపెట్టింది. దాని ఆధారంగా 2004లో ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ’ మొదలైంది. పేరులోనే ఆ పాత రౌటర్ గుర్తుందన్నమాట. ఇప్పుడది వందల మోడళ్లకి ఉచితంగా దొరుకుతోంది. కంపెనీ వదిలేసిన ఎన్నో రౌటర్లకి కొత్త ఊపిరి పోస్తోంది.

మరి అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో కనిపించే, కేబుల్ మోడెమ్, రౌటర్ కలిసిన పెట్టెలోనూ దీన్ని వేసేయొచ్చా? చిక్కంతా ఇక్కడే! కేబుల్ మోడెమ్ ఆన్ చేసిన ప్రతిసారీ సెట్టింగుల ఫైలుని కేబుల్ సంస్థ నుంచే తెచ్చుకుంటుంది. ఫర్మ్‌వేర్ మార్చే అధికారమూ సంస్థదే. డిజిటల్ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ని మోడెమ్ ఒప్పుకోదు. వీధిలో ఒకే కేబుల్‌ని చాలా ఇళ్లు పంచుకుంటాయి కాబట్టి, ఒకరు ఇష్టమొచ్చినట్టు మారిస్తే పక్కింటివాళ్లకి ఇబ్బంది. అందుకే ఈ కట్టుదిట్టం. పైగా ఆ చిప్‌ల లోగుట్టు బయటివాళ్లకి అందదు. అందుకే మోడెమ్ జోలికి పోకపోవడమే మంచిది.

అయితే దారి లేకపోలేదు. సంస్థవాళ్లని అడిగి పెట్టెని ‘బ్రిడ్జ్ మోడ్’లో పెట్టించుకోండి. అప్పుడది మోడెమ్ పని మాత్రమే చేస్తుంది. దాని వెనక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన సొంత రౌటర్ తగిలిస్తే వైఫై, పాస్‌వర్డులు, పిల్లల వేళలు అన్నీ మీ చేతికొస్తాయి. మన దగ్గర ఫైబర్ పెట్టెలున్నవాళ్లూ ఇదే అడిగి చూడొచ్చు.

రౌటర్ కొనేముందు మోడల్ నంబరే కాదు, వెర్షన్ కూడా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉందేమో చూడాలి. పేరు ఒకటే అయినా లోపలి చిప్ మారిపోవచ్చు! 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు వైఫై వద్దు, వైరుతోనే కలపండి. మధ్యలో కరెంటు పోయిందంటే రౌటర్ ఇటుకరాయిలా పడి ఉండొచ్చు. వారంటీ కూడా పోవచ్చు.

ఇవన్నీ తర్వాత. ముందు ఈ ఆదివారం మీ పెట్టెని ఓసారి తిరగేయండి. కింద మోడల్ నంబరు ఉంటుంది. దానికి చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో కనుక్కోండి. ఏళ్లు గడిచాయా... పెట్టె మార్చమని సంస్థని గట్టిగా అడగండి!