బెత్తమునకు ముందే భయమెఱిగిన బిడ్డలు

"మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెతను మన ప్రాంతమున ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును బెత్తమునకు సాక్ష్యముగా చెప్పుచుందురు. సామెత సత్యమే. అయితే మొక్కగా నున్నప్పుడు వంకరపోయినది మానైన పిదపను వంకరగానే యుండునను మాటయు అందులోనే కలదు. దానిని మనము చెవిని పెట్టుట లేదు. బాల్యమున దీర్ఘకాలము భయముతో బ్రతికిన బిడ్డకు మెదడు పెరుగు తీరే మారవచ్చుననియు, ఆ మార్పు పెద్దయైన పిమ్మట స్నేహమందును, సంసారమందును, ఇరుగుపొరుగు వారితోడి నడతయందును కనబడవచ్చుననియు గడచిన కొన్ని దశాబ్దముల పరిశోధనలు తెలుపుచున్నవి. శిక్షింపవలెనా, మానవలెనా యని వాదించుటకు ముందు మనము ఈ సంగతి తెలిసికొనవలెను.

భయము కలిగినప్పుడు మెదడు ఆజ్ఞ నీయగా, మూత్రపిండములపై టోపీలవలె నున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును. పొలము గట్టుపై పాము కనబడినప్పుడు ఇది ప్రాణమును కాపాడును. పాము పోయిన తరువాత దేహము చల్లబడును. కాని పాము ఇంటిలోనే కాపురమున్నచో? త్రాగి వచ్చు తండ్రి, వాకిట అప్పులవారి కేకలు, ప్రతి రాత్రియు తల్లి యేడ్పు — ఇట్టి యింట ఆ రసములు సకాలమున శాంతింపవు. అపాయమును పసిగట్టు అమిగ్డలా యను బాదముగింజ యాకారపు భాగము అతిచురుకగును. జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్ నలుగును. కోపము నణచి ఆలోచింపజేయునట్టి నుదుటి వెనుకటి భాగము సుమారు 25 ఏండ్లవరకు పెరుగుచునే యుండును గనుక, దానికిని ఈ బాధ తగులును.

దీని ఫలము తరగతి గదిలో ఎట్లుండునో చూడుడు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున సేత్ పొలాక్ అను పండితుడు, మసకగా నున్న ముఖచిత్రములను క్రమక్రమముగా స్పష్టపరచుచు పిల్లలకు చూపెను. ఇంటిలో దెబ్బలు తిన్న పిల్లలు కోపముఖమును తక్కినవారికంటె ముందుగనే గుర్తించిరని 2002లో ప్రకటించెను. ఆశ్చర్యమేమున్నది? తండ్రి ముఖమును చదువుట వారికి అక్షరములకంటె ముందు వచ్చిన విద్య. అట్టి బిడ్డ మన కనుబొమ్మ ముడివడగనే పలక విసరును, లేదా మూగయగును. మనము దానిని పొగరందుము, మొండితనమందుము. ఆ బిడ్డయే 30 ఏండ్లవాడైనప్పుడు భార్య మౌనమును అవమానముగా తలచును. గట్టుమీద పొరుగు రైతు దగ్గినను వెక్కిరింతగా ఎంచును. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా యను వైద్యులు 9,500 మందికి పైగా పెద్దవారి బాల్యమును విచారింపగా, నాలుగు విధములుగాని అంతకు మించిగాని బాల్యబాధలు పడినవారిలో త్రాగుడు, మనోవ్యాకులత, ఆత్మహత్యాప్రయత్నము మున్నగునవి, ఏ బాధయు నెఱుగనివారికంటె నాలుగు మొదలు పండ్రెండు రెట్లు అధికముగా కనబడెను.

మన సీమకు భయము క్రొత్తది కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19, శనివారమునాడు దివిసీమపై సముద్రము లేచివచ్చినప్పుడు సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు గ్రామములు ధ్వంసమయ్యెను. మృతులు పదివేలకు పైబడిరి. ఆనాడు చెట్టుకొమ్మ పట్టుకొని బ్రతికిన ఐదేండ్ల బిడ్డలకు ఇప్పుడు ఏబదియేండ్లు దాటినవి. తరువాత పక్కా యిండ్లును, తుపాను ఆశ్రయభవనములును వెలసినవి. మంచిదే. ఇండ్లను లెక్కించితిమి, పశువులను లెక్కించితిమి. బిడ్డల గుండెలో నిలిచిన భయమును లెక్కించు అలవాటు మనకు లేకపోయెను. నవంబరు గాలి లేచిన రాత్రి కన్ను మూయని పెద్దలు నాగాయలంక, కోడూరు ప్రాంతములలో నేటికిని కలరు.

అయినను ఒక భేదము గమనింపవలెను. ఉప్పెన యొక రాత్రిది. ఆ రాత్రి తెల్లవారిన పిదప అమ్మమ్మయో, మేనత్తయో ఒడిలోనికి తీసికొనిన బిడ్డ చాలవరకు తేరుకొనగలదు. ఒడియే లేనిచో, లేదా ఒడియే భయస్థానమైనచో, గాయము లోతగును. మాంట్రియల్ నగరమున మైకేల్ మీనీ ఎలుకలపై చేసిన శోధనలో, తల్లి నాకి నిమిరిన పిల్లలు నిబ్బరముగా పెరిగెను. నిర్లక్ష్యపు తల్లికి పుట్టిన పిల్లను నిమురు తల్లియొద్ద నుంచగా అదియు నిబ్బరముగానే పెరిగెను. రుమేనియాలోని బుకారెస్టు అనాథశాలలనుండి 136 మంది పసివారిని తీసికొని, చీటీలు వేసినట్లు విభజించి, సగముమందిని పెంపుడు కుటుంబముల కప్పగించిరి. రెండేండ్లు నిండకముందే ఒడి దొరికినవారు ఎక్కువగా కోలుకొనిరి. హవాయిలోని కవాయి ద్వీపమున 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ దశాబ్దములపాటు గమనింపగా, మిక్కిలి కష్టస్థితిలో పెరిగినవారిలో మూడవవంతు సమర్థులై, దయగలవారై యెదిగిరి. వారికి బాల్యమున స్థిరముగా నిలిచిన పెద్ద యొకరుండిరి. అది కొందఱికి అవ్వ, కొందఱికి ఉపాధ్యాయుడు.

"మేమును దెబ్బలు తిని పైకి వచ్చినవారమే" యని పెద్దలు వార్షికోత్సవ వేదికపై చెప్పుదురు. వేదిక యెక్కినవారే గదా చెప్పగలరు! దెబ్బలకు జడిసి ఐదవ తరగతిలో బడి మానినవాడు ఆ సభకు సాక్ష్యమీయ రాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. బెత్తము పోయి నలుగురిలో ఎగతాళి మిగిలినచో చట్టము సగమే అమలైనట్లు. మఱియొక హెచ్చరిక: వేలమందిని లెక్కించి చెప్పిన అంకె ఒక్క బిడ్డకు జాతకము కాదు. ఇంటి సంగతి తెలిసినంతనే "వీడు చెడును" అని ముద్ర వేయుట మఱియొక దెబ్బ.

చేయదగిన పని యేదనగా: తీరగ్రామములనుండి గుడివాడ, మచిలీపట్టణములలోని వసతిగృహములకు ఆరేడేండ్లకే వచ్చు పిల్లలకు ఏటేట వార్డెనును, తరగతి ఉపాధ్యాయుని మార్చుట మానవలెను. ఒక ఉపాధ్యాయుడు అదే పిల్లలతో కనీసము మూడేండ్లు సాగవలెను. ఆలస్యముగా వచ్చిన బిడ్డను నిలువబెట్టుటకు ముందు రాత్రి నిద్రపట్టినదా, అన్నము తిన్నాడా యని అడుగవలెను. రానున్న జూను మాసమున తరగతుల పట్టిక వ్రాయు ప్రధానోపాధ్యాయులకు దీనివలన ఒక్క పైసా ఖర్చు లేదు. పట్టికలో కొన్ని పేర్లు కదపక ఉంచినచో చాలును.