శుభ్రమైన యుద్ధం అన్నవాళ్ల నోరు కడగాలి

1982 ఏప్రిల్ 2 నుంచి జూన్ 14 దాకా దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా కొట్టుకున్నాయి. 649 మంది అర్జెంటీనా వాళ్లు, 255 మంది బ్రిటిష్ వాళ్లు, ముగ్గురు ద్వీపవాసులు చనిపోయారు. ఈ లెక్క నోటికి వచ్చిన వాళ్లే దాన్ని శుభ్రమైన యుద్ధం అంటారు. నగరాలు తగలబడలేదు, జనం మధ్య పోరు జరగలేదు, ఇరుపక్షాలూ నియమాలు పాటించాయి, అది పెద్దమనుషుల చివరి యుద్ధం అంటారు. రిటైరైన సైనికాధికారులు అంటారు, ఆయుధాల పేర్లు చదివితేనే ఒళ్లు పులకరించే వ్యాఖ్యాతలు అంటారు. వాళ్ల వెనక మీరూ తల ఊపుతారు.

అది అబద్ధం. తెలిసి చెప్పే అబద్ధం.

ఆ ముగ్గురు ద్వీపవాసుల దగ్గరే మొదలుపెడదాం. ముగ్గురూ ఆడవాళ్లు. యుద్ధం ముగియడానికి రెండు మూడు రోజుల ముందు స్టాన్లీ పట్టణంలో ఒక ఇంట్లో తలదాచుకున్నారు. వాళ్లను చంపింది ఆక్రమించినవాడు కాదు, విడిపించడానికి వచ్చిన బ్రిటిష్ నౌక పేల్చిన గుండు. మొత్తం యుద్ధంలో చనిపోయిన ద్వీపవాసులు ఆ ముగ్గురే.

ఈ యుద్ధం ఎవరికి కావలసి వచ్చింది? బ్యూనస్ ఎయిర్స్‌లో జనరల్ గాల్టియేరీ సైనిక ముఠాకి కావలసి వచ్చింది. వేలాది మందిని ఇళ్లలోంచి ఎత్తుకుపోయి, చిత్రహింసలు పెట్టి, కొందరిని విమానాల్లోంచి సముద్రంలోకి తోసిన ముఠా అది. అలా మాయమైనవాళ్లు 30,000 మంది అని అక్కడి మానవ హక్కుల సంఘాలు చెబుతాయి. మార్చి 30న కార్మికులు వీధుల్లోకి వస్తే పోలీసులు చితకబాదారు. మూడు రోజులు తిరగకుండానే దీవుల మీద జెండా ఎగిరింది. లాఠీలు విరిగిన ప్లాసా దె మాయో కూడలిలోనే జనం జేజేలు కొట్టారు. నియంతకు ఇంతకన్నా చవకైన బేరం ఎక్కడ దొరుకుతుంది?

లండన్‌లో మార్గరెట్ థాచర్‌కీ అంతే అవసరం పడింది. ముప్పై లక్షల నిరుద్యోగులు, అడుగంటిన ప్రజాదరణ. ఆ దీవుల మీద అంత ప్రేమ ఉన్న ప్రభుత్వం 1981లో ఏం చేసిందో చూడండి. దక్షిణ అట్లాంటిక్‌లో కాపలా ఉన్న ఎండ్యూరెన్స్ నౌకను ఉపసంహరించుకుంటానంది. కొత్త జాతీయతా చట్టం తెచ్చి ద్వీపవాసుల్లో చాలామందికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం లేకుండా చేసింది. ఇన్విన్సిబుల్ విమానవాహక నౌకను ఆస్ట్రేలియాకి బేరం పెట్టింది. ఏప్రిల్ 2 తెల్లారేసరికి ఆ 1,800 మంది హఠాత్తుగా రక్తబంధువులయ్యారు. 1983లో పౌరసత్వమూ వచ్చింది, థాచర్‌కు ఘన విజయమూ వచ్చింది.

ఇక ఆయుధాల దగ్గరకు వద్దాం, మీరు ఎదురుచూసేది వాటి కోసమేగా. ఏప్రిల్ 2 దండయాత్రకు ముందు నడిచిన అర్జెంటీనా డిస్ట్రాయర్ శాంతీసిమా త్రినిదాద్ నమూనా ఎవరిది? బ్రిటన్‌ది. దానికి తోడుగా ఉన్న హెర్కులెస్ కట్టింది బ్రిటిష్ షిప్‌యార్డులోనే. అర్జెంటీనా విమానవాహక నౌక ఒకప్పటి బ్రిటిష్ నౌక. భుజం మీద పెట్టుకుని పేల్చే బ్లోపైప్ క్షిపణులను రెండు సైన్యాలూ వాడాయి, రెండూ కొన్నది బెల్ఫాస్ట్ సరుకే. పదాతి దళాల చేతుల్లోని రైఫిళ్లు కూడా రెండువైపులా ఒకే బెల్జియన్ నమూనాకు పుట్టినవి. అర్జెంటీనా దగ్గర విమానం నుంచి వదిలే ఎక్సోసెట్ క్షిపణులు అయిదంటే అయిదే ఉన్నాయి, అవి ఫ్రాన్స్ అమ్మినవి. మే 4న వాటిలో ఒకటి తగిలి బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌లో 20 మంది చనిపోయారు. మే 25న బ్రిటన్ సరుకు నౌక అట్లాంటిక్ కన్వేయర్ కూడా వాటికే తగలబడింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, ఆ మంటలే ఎక్సోసెట్‌కు ప్రపంచమంతా ప్రచారమయ్యాయి. ఆ క్షిపణి వేగం, అది నీటికి ఎంత ఎత్తున పోతుందో గడగడా చెప్పే కుర్రాళ్లను చాలామందిని చూశాను. షెఫీల్డ్‌లో పోయిన ఇరవై మందిలో ఒక్కరి పేరు చెప్పమంటే నోరు పెగలదు.

అట్లాంటిక్ కన్వేయర్‌తో పాటు మూడు చినూక్ హెలికాప్టర్లు పోయాయి. ఆ నష్టాన్ని సైనికుల కాళ్లు మోశాయి. శాన్ కార్లోస్‌లో దిగిన బ్రిటిష్ దళాలు స్టాన్లీ దాకా దాదాపు 90 కిలోమీటర్లు, వీపున కొండంత బరువుతో నడిచాయి. ఆ నేలను రోడ్డు మీద నిలబడి ఊహించలేరు. చెట్టు లేదు. పీట్ అంటే వేల ఏళ్ల గడ్డి కుళ్లి పేరుకున్న బురద, అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతుంది. అది దాటితే రాళ్ల ఏరులు: కొండవాలు మీద మైళ్ల కొద్దీ పరుచుకున్న బండలు, వాటి మధ్య కాలు పడితే విరుగుతుంది. గాలి ఆగదు. జూన్ అక్కడ చలికాలం. బూట్లు ఎప్పుడూ ఆరవు, తడిసి తడిసి కాళ్లు చివికిపోతాయి.

ఆ బురదలో గుంటలు తవ్వుకుని ఎదురుచూసింది ఎవరో తెలుసా? నిర్బంధ సైనిక సేవకు లాక్కొచ్చిన పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల అర్జెంటీనా పిల్లలు ఎందరో. వాళ్లలో చాలామంది కొరియెంతెస్, చాకో లాంటి ఉక్కపోత రాష్ట్రాల వాళ్లు, మంచు ఎరగని వాళ్లు. గుంటల్లో నీళ్లూరాయి, స్టాన్లీ గోదాముల్లోని తిండి వాళ్ల దాకా రాలేదు. ఆకలికి గొర్రెను దొంగిలించి కోసుకున్నవాళ్లను సొంత అధికారులే నేల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ మేకులకు కట్టి చలిలో వదిలేశారు. శత్రువు కాదు, సొంత అధికారులు! యుద్ధం ముగిశాక నోరు విప్పబోమని వాళ్లచేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, చాటుగా ఇళ్లకు పంపారు.

అదే యుద్ధంలో దక్షిణ జార్జియా దీవిలో గట్టి పోరాటమే లేకుండా లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన అర్జెంటీనా అధికారి పేరు ఆల్ఫ్రెడో ఆస్తీస్. మాయమైన బిడ్డల కోసం తిరిగే తల్లుల సంఘంలోకి బాధితుడి వేషంలో చొరబడి, వాళ్లను పట్టించినవాడు. ఫ్రెంచ్ సన్యాసినుల కేసులో ఫ్రాన్స్, ఒక స్వీడిష్ అమ్మాయి కేసులో స్వీడన్ వాణ్ని ప్రశ్నించాలని అడిగాయి. బ్రిటన్ యుద్ధఖైదీల నియమాలు చూపించి వాణ్ని క్షేమంగా ఇంటికి పంపింది. సొంత దేశంలో యావజ్జీవ శిక్ష పడటానికి 2011 దాకా పట్టింది. నియమాలు పాటించిన యుద్ధం అన్నారు కదా? పాటించారు, హంతకుడి విషయంలో పాటించారు.

అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానో సంగతికి వద్దాం. మే 2న బ్రిటన్ అణుజలాంతర్గామి కాంకరర్ టార్పెడోలతో దాన్ని ముంచింది. 323 మంది పోయారు, అర్జెంటీనా మొత్తం మృతుల్లో దాదాపు సగం. ఒక లండన్ పత్రిక వేట దొరికిన సంబరంతో మొదటి పేజీ శీర్షిక పెట్టింది. అది యుద్ధనౌక, దాన్ని ముంచడం యుద్ధ న్యాయమే అని దాని కెప్టెన్ తర్వాత ఒప్పుకున్నాడు. సరే, నేనూ ఒప్పుకుంటాను. మరి న్యాయమైన పనికి అబద్ధం ఎందుకు? అది బ్రిటిష్ దళాల మీదికి వస్తోందని మంత్రి పార్లమెంటుకు చెప్పాడు. అది ప్రకటిత నిషేధిత ప్రాంతం బయట, వెనక్కి, అర్జెంటీనా తీరం వైపు పోతోంది. ఆ నిజాన్ని బయటపెట్టే పత్రాలు ఒక ఎంపీకి ఇచ్చినందుకు క్లైవ్ పాంటింగ్ అనే ప్రభుత్వోద్యోగిని బోనెక్కించారు. 1985లో జడ్జి సూచనలను పక్కనబెట్టి జ్యూరీ నిర్దోషి అంది. 1989లో కొత్త చట్టం తెచ్చి, ప్రజాప్రయోజనం అనే వాదనకే తలుపు మూసేశారు. అణు డెప్త్ బాంబులు తమ నౌకల్లో ఆ యుద్ధానికి వెళ్లాయని ఒప్పుకోవడానికి బ్రిటిష్ రక్షణశాఖకు 2003 దాకా పట్టింది. పెద్దమనుషులు అంత సామగ్రి వేసుకుని పోతారా?

మన వాటా కూడా చెప్పాలి. ఆ యుద్ధంలో బ్రిటన్ దళానికి నాయక నౌక హెర్మీస్. మనం దాన్ని 1986లో కొని విరాట్ అని పేరు పెట్టుకున్నాం. 2017లో సెలవిచ్చేటప్పుడు మన పత్రికలు దాని ఫాక్‌లాండ్స్ ఘనతను పతకంలా ప్రదర్శించాయి. విశాఖ తీరంలో దాన్ని మ్యూజియంగా నిలపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉబలాటపడింది. చివరికి అలంగ్‌లో తుక్కయింది. నిలబడి ఉంటే ఆ మ్యూజియం బోర్డు మీద మే 1 గురించి ఏం రాసేవాళ్లు? ఆ నౌక నుంచి లేచిన సీ హారియర్లు గూస్ గ్రీన్ మీద క్లస్టర్ బాంబులు కురిపించాయని, విమానాలు సరిచేసే సిబ్బంది చనిపోయారని రాసేవాళ్లా? పిల్లలతో సెల్ఫీ దిగే చోట ఆ వాక్యం ఎవరూ పెట్టరు.

అర్జెంటీనా సైన్యం ఆ గడ్డ కింద వేల మందుపాతరలు పాతిపెట్టి పోయింది. వాటిలో చాలావాటిలో లోహం దాదాపు లేదు, ప్లాస్టిక్. డిటెక్టర్లకు అందేవి కావు, పీట్‌లో జారి చోటు మారేవి. పెంగ్విన్ల బరువుకు పేలేవి కావు కాబట్టి పెంగ్విన్లే ఆ కంచెల్లో కాపురం పెట్టాయి, మనుషులకు తీరాలు మూతపడ్డాయి. 38 ఏళ్ల తర్వాత, 2020 నవంబరులో గానీ ఆ నేల శుభ్రమైందని ప్రకటించలేకపోయారు. మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం గుచ్చి తీసింది ఎక్కువగా జింబాబ్వే నుంచి వచ్చిన మనుషులు. యుద్ధం ఎవరిది, మోకాళ్లు ఎవరివి? అర్జెంటీనా సైనికుల డార్విన్ శ్మశానంలో దేవుడికి మాత్రమే తెలిసిన సైనికుడు అని రాసిన 121 సమాధుల్లో ఎక్కువ వాటికి రెడ్‌క్రాస్ 2017లో పేర్లు వెతికి ఇచ్చింది. ముప్పై అయిదేళ్లు కొడుకు ఏ రాయి కింద ఉన్నాడో తెలియకుండా గడిపిన తల్లిముందు నిలబడి, శుభ్రమైన యుద్ధం అన్నమాట అనగలరా?

ద్వీపవాసుల ఇష్టం కోసమే పోరాడాం అంటుంది లండన్. వాళ్ల ఇష్టాన్ని నేను గౌరవిస్తాను. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఎవరి కింద ఉండాలో వాళ్లే తేల్చుకోవాలి. కానీ ఆ సూత్రం లండన్ నోట వింటే నా రక్తం మరుగుతుంది. 1968-73 మధ్య హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల నుంచి, డియెగో గార్షియాలో అమెరికా స్థావరం కోసం, అక్కడి జనాన్ని మొత్తంగా తరిమేసింది ఇదే బ్రిటన్. వాళ్ల కుక్కలను వాహనాల పొగతో ఊపిరాడకుండా చంపారు. వాళ్ల తాతముత్తాతల్లో చాలామంది తోటల్లో చాకిరీకి తెచ్చిన నల్లవాళ్లు. స్టాన్లీలో యుద్ధం గెలిచిన మూడు వారాలకు, 1982 జూలై 7న, 40 లక్షల పౌండ్లతో వాళ్ల నోరు మూయించే ఒప్పందం మీద అదే థాచర్ ప్రభుత్వం సంతకం పెట్టింది. తిరిగి వెళ్లే హక్కు వదులుకుంటామని, చదవరాని ఇంగ్లీషు కాగితాల మీద వాళ్లచేత వేలిముద్రలు వేయించారు.

2013లో ఫాక్‌లాండ్స్ వాళ్లకు బ్యాలెట్ ఇచ్చారు, 99.8 శాతం మంది బ్రిటన్ అన్నారు, ప్రపంచం ముందు చాటారు. 2025 మేలో చాగోస్‌ను మారిషస్‌కు ఇస్తూ, డియెగో గార్షియా స్థావరాన్ని 99 ఏళ్లకు కట్టబెట్టుకుంటూ లండన్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ చాగోస్ మనుషుల చేతికి బ్యాలెట్ పత్రం ఏ రోజు ఇచ్చారో, మీకు తెలిస్తే, చూపించండి.