కంకర మనుషులు, కాగితం బొమ్మలు



మీ బడిలో వార్షికోత్సవం దగ్గరికి వచ్చినప్పుడు ఏమవుతుందో ఒకసారి తలుచుకోండి. వారం రోజుల ముందునుంచే పాఠాలు సరిగా సాగవు. ఒక గదిలో నాటకం రిహార్సలు, ఇంకొక గదిలో హార్మోనియం. వరండాలో డ్రాయింగు మాస్టారు అట్టల మీద కోటగుమ్మం వేస్తూ ఉంటారు. "ఈ సందడి ఏడాది పొడుగునా ఉంటే ఎంత బాగుండును!" అని మీలో అనుకోనివాళ్ళు ఎవరు?

అలా ఏడాది పొడుగునా పాటనూ, ఆటనూ, బొమ్మనూ చదువులోనే కలిపేసిన విశ్వవిద్యాలయం ఒకటి మన దేశంలో ఉన్నది. దాని పేరు విశ్వభారతి. అది ఉన్న చోటు శాంతినికేతనం. ఈ నెల మన ప్రయాణం అక్కడికే.

హౌరాలో రైలెక్కి సుమారు 150 కిలోమీటర్లు పోతే బోల్‌పూర్ స్టేషను వస్తుంది. అక్కడినుంచి శాంతినికేతనం చాలా దగ్గర. పశ్చిమ బెంగాల్లో బీర్భూమ్ జిల్లా అది. నేలంతా ఎర్రగా, కంకరకంకరగా ఉంటుంది. ఆ ఎర్ర కంకరను మాత్రం మరిచిపోకండి. మన కథలో దానికి పెద్ద వేషమే ఉన్నది.

1863లో దేవేంద్రనాథ్ ఠాగూర్ ఆ బయలులో రెండు ఏడాకుల పొన్నచెట్లు ఉన్న చోట కొంత భూమి తీసుకున్నాడు. ఆయన కొడుకు రవీంద్రనాథ్ 1901లో అక్కడ ఒక బడి పెట్టాడు. మొదటి రోజున పిల్లలు అయిదుగురే! పాఠాలు చెట్ల కింద జరిగేవి. బొమ్మలు నేర్పే కళాభవన్ 1919లో మొదలయింది. 1921లో విశ్వభారతి ఏర్పడింది. 1951లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని కేంద్ర విశ్వవిద్యాలయం చేసింది. 2023లో యునెస్కోవారు శాంతినికేతనాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. తేదీలు ఇంతటితో చాలు.

ముందు పాట సంగతి. రవీంద్రనాథ్ రెండువేలకు పైగా పాటలు రాశాడు. వాటికి వరసలు కట్టినవాడూ ఎక్కువగా ఆయనే. కాని ఆయనకు ఒక చిక్కు ఉండేది. వరస కట్టడం ఎంత తొందరో, మరిచిపోవడమూ అంత తొందరే! అందుకని కొత్త వరస తట్టగానే దీనేంద్రనాథ్ కోసం కబురు వెళ్ళేది. ఈ దీనేంద్రుడు రవీంద్రుని పెద్దన్నగారి మనమడు. ఆయన విని నేర్చుకుని, స్వరాలు రాసిపెట్టి, మర్నాటికల్లా పిల్లల చేత పాడించేవాడు. ఆ మనిషే లేకపోతే ఎన్ని వరసలు గాలిలో కలిసిపోయేవో చెప్పలేం.

పాట విషయంలో మన తెలుగునాటికి కూడా ఒక చుట్టరికం ఉన్నది. 1919లో రవీంద్రనాథ్ మన మదనపల్లెకు వచ్చి అక్కడి థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నాడు. "జనగణమన"ను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ కాలేజీలో ఉన్న మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు ఆవిడ సంగీతం బాగా తెలిసినది. పాటకు ఆవిడ స్వరాలు రాసింది. ఇప్పుడు మీరు బడిలో నిలబడి పాడుతున్నది ఆ పాటే. ఇక ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళి చదువుకున్న వారిలో నెల్లూరు జిల్లాకు చెందిన బెజవాడ గోపాలరెడ్డి ఒకరు. తరవాతి కాలంలో ఆయన ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. రవీంద్రుని రచనలు అనేకం తెలుగు చేశాడు.

ఇక నాటకం. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

1926లో, తన పుట్టినరోజుకు ఆడడానికని, రవీంద్రనాథ్ "నటీర్ పూజ" అనే నాటకం రాశాడు. అంటే నర్తకి చేసిన పూజ అని అర్థం. కథ బుద్ధుని కాలానిది. అజాతశత్రువు రాజయినాక, తన తండ్రి బింబిసారుడు కట్టించిన స్తూపం దగ్గర ఎవరూ పూజ చెయ్యకూడదని ఆజ్ఞ పెడతాడు. శ్రీమతి అనే రాజనర్తకి బుద్ధుని భక్తురాలు. ఆమెను అవమానించడం కోసం, పూజ జరగవలసిన చోట నాట్యం చెయ్యమంటారు. ఆమె కాదనలేదు. నాట్యం మొదలుపెట్టింది. ఆడుతూ ఆడుతూ ఒంటిమీది నగలు ఒక్కొక్కటే తీసి వేసింది. పైనున్న పట్టుబట్టలు కూడా జారిపోయాయి. లోపల భిక్షుణి కట్టుకునే కాషాయం కనబడింది. ఆ నాట్యమే ఆమె చేసిన పూజ! కావలివాళ్ళు ఆమెను అక్కడికక్కడే చంపేశారు.

శ్రీమతి వేషం వేసిన అమ్మాయి పేరు గౌరి. కళాభవన్‌ను నడిపిన గొప్ప చిత్రకారుడు నందలాల్ బోస్ కూతురు ఆమె. నందలాల్ నాటకాలకు చేసే అలంకరణ కూడా ఒక వింతే. కోటలూ తోటలూ రాసిన తెరలు ఆయన వాడేవాడు కాదు. సాదా గుడ్డలు, ఆకులు, పువ్వులు, నేలమీద ఆల్పన — అంతే. ఆల్పన అంటే మన ముగ్గుకు చెల్లెలు వంటిది. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి వేలితో వేస్తారు.

ఆ నాటకాన్ని శాంతినికేతనంలో ఆడినప్పుడు చిక్కేమీ రాలేదు. 1927లో కలకత్తాలో ఆడదామనుకునేసరికి వచ్చింది చిక్కు. ఆ రోజుల్లో మంచి కుటుంబాల ఆడపిల్లలు నలుగురి ఎదుటా రంగస్థలం మీద నాట్యం చెయ్యడం పెద్ద తప్పుగా చూసేవారు. నాటకంలో మగ వేషం ఒక్కటి కూడా లేదు. ఆడపిల్లల్ని మాత్రమే రంగస్థలం మీదికి పంపితే ఊరు ఊరుకోదు. నాటకం మానెయ్యాలా? రవీంద్రనాథ్ మానలేదు. ఉపాలి అనే బౌద్ధ భిక్షువు వేషం కొత్తగా రాసి, ఆ వేషం తానే వేశాడు! అప్పటికి ఆయన వయస్సు 65 సంవత్సరాలు. గడ్డం నెరిసిన ఆ పెద్దమనిషి తమతోపాటు రంగం మీద ఉంటే ఆ పిల్లలకు ఎంత ధైర్యమో ఆలోచించండి. ఎవరేమన్నా ముందు ఆయన్ని అనాలి కదా! ఈ కథ చీనాభవన్ గోడమీద ఇప్పటికీ ఉన్నది. 1942లో నందలాల్ అక్కడ "నటీర్ పూజ"ను బొమ్మలుగా వేశాడు.

ఇప్పుడు కంకర దగ్గరికి వద్దాం.

1925లో బాంకురా నుంచి రామ్‌కింకర్ బైజ్ అనే కుర్రవాడు కళాభవన్‌కు వచ్చాడు. వయస్సు 19 ఏళ్ళు. బీద కుటుంబం, క్షౌరవృత్తి మీద బతికేవారు. ఊళ్ళో దేవుడి విగ్రహాలు చేసేవాళ్ళ దగ్గర కూచుని మట్టిపని పట్టుకున్నాడు. స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో నాయకుల బొమ్మలు వేశాడు. అతను తెచ్చిన బొమ్మలు చూసి నందలాల్, ఇవన్నీ వచ్చినవాడికి ఇక్కడ నేర్చుకోవడానికి ఏమున్నదన్నాడట. అయినా రెండు మూడేళ్ళు ఉండి చూడమన్నాడట. రామ్‌కింకర్ ఉన్నాడు. ఆ రెండు మూడేళ్ళు జీవితమంతా అయింది!

ఆయనకు పెద్ద పెద్ద శిల్పాలు చెయ్యాలని కోరిక. శిల్పమంటే రాయి కావాలి, లేకపోతే కంచు కావాలి. రాయి దూరంనుంచి రావాలి. కంచును కరిగించాలంటే సుమారు 950 డిగ్రీల వేడి పుట్టించే కొలిమి కావాలి. దానికి డబ్బేదీ? కాళ్ళ కింద చూస్తే కావలసినంత ఎర్ర కంకర ఉన్నది. సిమెంటు బజారులో దొరుకుతుంది. ఇనపచువ్వలతో మనిషి ఆకారంలో చట్రం కట్టాడు. సిమెంటూ కంకరా కలిపి, ముద్దలు ముద్దలుగా దానిమీద విసిరాడు. అది బిగిసేలోపల చెక్కవలసిన చోట చెక్కాడు.

సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సిమెంటు గట్టిపడేది నీటితో కలిసి రసాయనిక మార్పు చెందడం వల్ల. అది రోజుల తరబడి సాగుతుంది. మధ్యలో నీరు ఇంకిపోతే గోడ బలహీనమవుతుంది. కొత్త గోడకు మేస్త్రీ రోజూ నీళ్ళు కొట్టేది అందుకే. మీ వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే వెళ్ళి చూడండి.

అలా 1938లో తయారయింది "సంతాల్ కుటుంబం". పని వెతుక్కుంటూ ఊరు వదిలి పోతున్న ఒక సంతాల్ జంట. మగవాడి భుజాన కావడి. కావడి బుట్టలో పిల్లవాడు. పక్కన నెత్తిన మూటతో భార్య. వెంట కుక్క. వాళ్ళు మామూలు మనుషులకన్నా పెద్ద ఆకారాలు. ఇంతకాలం శిల్పాలుగా నిలబడినది రాజులూ దేవతలూ! చేలల్లోనూ మిల్లుల్లోనూ చెమటోడ్చే మనుషులు ఆ ఎత్తున నిలబడడం అప్పటికి చాలా కొత్త. ఆ నేలమీద నడిచే మనుషుల్ని ఆ నేలలోని కంకరతోనే చెయ్యడం నాకు ఎంతో నచ్చిన విషయం. 1956లో ఆయన చేసిన "మిల్లు పిలుపు" కూడా అక్కడే ఉన్నది. బియ్యం మిల్లు కూత వినబడి ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుతూ ఉంటారు. ఉతికిన బట్ట ఆరబెట్టుకునే తీరిక లేదు. పరుగుతోనే, గాలికి ఎగరేస్తూ ఆరబెట్టుకుంటున్నారు! రామ్‌కింకర్ నాటకాలు కూడా ఆడించేవాడు. గొంతెత్తి పాడేవాడు.

రామ్‌కింకర్‌కు స్నేహితుడు వినోద్ బిహారీ ముఖర్జీ. ఈయన 1904లో పుట్టాడు. పుట్టుకతోనే చూపు తక్కువ. ఒక కన్ను కనిపించదు. రెండో కంటికి దగ్గరి వస్తువులు తప్ప కనిపించవు. అలాంటివాడు చిత్రకారుడవుతానంటే ఎవరు ఒప్పుకుంటారు? కళాభవన్ ఒప్పుకున్నది.

1946, 47లలో ఆయన హిందీభవన్‌లో మూడు గోడల మీద మన దేశపు భక్తుల కథ వేశాడు. కబీరు, సూరదాసు, తులసీదాసు, రామానుజులు — అందరూ అందులో ఉన్నారు. ఇది తడి సున్నపు గార మీద వేసే బొమ్మ. గార తడిగా ఉండగానే రంగు వెయ్యాలి. తరవాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిలా మారుతుంది. రంగు అందులో చిక్కుకుపోతుంది. నీళ్ళతో కడిగినా పోదు. తప్పు వేస్తే చెరపడం కూడా కుదరదు మరి! అలాంటి పనికి ఎవరైనా ముందు అంత కొలతలోనూ కాగితం మీద నమూనా వేసుకుంటారు. వినోద్ బిహారీ అదేమీ లేకుండా నేరుగా గోడమీదే వేసుకుంటూ పోయాడు. దూరంగా నిలబడి గోడ మొత్తం చూసుకునే చూపు ఆయనకు లేదు. మొత్తం గోడ ఆయన తలలోనే ఉండి ఉండాలి.

1957లో కంటికి ఆపరేషను జరిగింది. అది ఫలించలేదు. ఉన్న కాస్త చూపూ పోయింది. అప్పుడాయన వయస్సు 53. చిత్రకారుడికి కళ్ళు పోతే ఇంకేముంది అని మీరనుకోవచ్చు. ఆయన మళ్ళీ కళాభవన్‌కు వెళ్ళి పాఠాలు చెప్పాడు. మైనంతో, మట్టితో బొమ్మలు చేశాడు. రంగుకాగితాలు కత్తిరించి అతికించాడు. కాగితాన్ని వేళ్ళతో మడిచి మనిషి ఆకారం తెచ్చేవాడు. 1972లో, ఇలా తడిమి తడిమి తయారుచేసుకున్న నమూనాలతో, కళాభవన్ గోడమీద పింగాణీ పలకల బొమ్మ ఒకటి పూర్తి చేయించాడు. సత్యజిత్ రాయ్ చాలా సినిమాలు తీశాడని మీ పెద్దవాళ్ళకు తెలుసు. ఆయన 1940 నుంచి రెండేళ్ళు కళాభవన్‌లో వినోద్ బిహారీ దగ్గర చదువుకున్నవాడే. 1972లో తన గురువుగారి మీద ఒక చిన్న సినిమా తీశాడు. ఆయన చేతులు ఎలా పనిచేసేవో అందులో చూడవచ్చు. రామ్‌కింకర్, వినోద్ బిహారీ ఇద్దరూ 1980లోనే పోయారు.

ఇక చివరగా ఒక సంత సంగతి. దాని పేరు నందన్ మేళా. నందలాల్ పుట్టినరోజు డిసెంబరు 3. అంతకు ముందటి రెండు రోజులూ కళాభవన్‌లో విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి తాము చేసినవన్నీ అమ్మకానికి పెడతారు. బొమ్మల కార్డులు, మట్టి వస్తువులు, రంగు గుడ్డలు — అలాంటివి. అందులో పెద్ద పేరున్నవారు చేసినవీ ఉంటాయి, మొదటి సంవత్సరం కుర్రవాడు చేసినవీ ఉంటాయి. ఈ మేళా 1973లో మొదలయింది. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయనిధికి పోతుంది. ఏ పిల్లవాడికో జబ్బు చేసినా, కష్టం వచ్చినా ఆ నిధి ఉన్నది.

మీరు ఇప్పుడే బోల్‌పూర్ వెళ్ళలేరు కనక, ఈలోగా ఒక పని చెయ్యండి. రంగుకాగితం ఒకటి తీసుకోండి. కళ్ళకు రుమాలు కట్టించుకోండి. కాగితాన్ని మధ్యకు మడిచి, వేళ్ళతో నెమ్మదిగా చింపుతూ ఒక మేకను చెయ్యండి. కత్తెర మాత్రం వద్దు. రుమాలు విప్పకముందే, ఏ చెవి పెద్దదయిందో తడిమి చెప్పగలరేమో చూడండి.