‘బోర్డు పోయింది’ అనే తీర్పును గూర్చి

ల్యాప్‌టాప్ మీట నొక్కినా వెలగకపోతే మన ఊళ్ళలో వినిపించే మాట ఒక్కటే: ‘బోర్డు పోయింది.’ చెప్పేవానికి అర నిమిషం పట్టని మాట ఇది. వినేవానికి వేల రూపాయల నష్టం, ఒక్కొక్కప్పుడు ఒక సెమిస్టరు నష్టం. మన కళాశాల విద్యార్థులలో అధిక సంఖ్యాకులు అన్న వాడి విడిచిన యంత్రంతోనో, సెకండ్ హ్యాండులో కొన్న యంత్రంతోనో చదువు సాగిస్తున్నవారే గాని, చెడినదానిని పారవేసి మరొకటి తెచ్చుకోగలవారు కారు. సాక్ష్యం విచారించకుండా తీర్పు చెప్పే కాజీని మనం అంగీకరించము. యంత్రాల విషయంలో మాత్రం అటువంటి తీర్పునే తలవంచి స్వీకరించి, డబ్బు చెల్లించి వస్తున్నాము. ఇది తగదని, ఈ విచారణా విద్యను మన కళాశాల నేర్పవలసి ఉన్నదని నా అభిప్రాయం. తెలుగు పాఠం చెప్పుకొనేవానికి సర్క్యూట్ల గొడవ ఎందుకని మిత్రులు ఆక్షేపించవచ్చు. అందుకు సమాధానం వ్యాసంలోనే దొరుకుతుంది.

మదర్‌బోర్డు అనీ, లాజిక్ బోర్డు అనీ పిలువబడే ఆ పచ్చని లేక నల్లని పలక ఒక వస్తువు కాదు. దానిపై వందలకొద్దీ, కొన్నింటిలో వేలకొద్దీ భాగాలు కూర్చబడి ఉంటాయి. ఆవగింజ కన్న చిన్నవైన కెపాసిటర్లు కొన్ని 0.6 మిల్లీమీటర్ల పొడవు, 0.3 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటాయి. వీటిలో ఒక్కటి లోపల చీలి షార్టయితే యంత్రమంతా మూగబోతుంది. ‘బోర్డు పోయింది’ అన్నవాడు ఆ వేలల్లో ఏది పోయినదో చెప్పలేదన్నమాట. చెప్పనిదానికి మనం మూల్యం చెల్లిస్తున్నాము.

యంత్రం మేల్కొనడానికి ఒక క్రమమున్నది. అన్వయం కుదరని పద్యం ఎదురైనప్పుడు మంచి విద్యార్థి ముందు క్రియను వెదకుతాడు, తరువాత కర్తను, ఆ పిమ్మట విశేషణాలను. బోర్డు కూడా అటువంటి అన్వయక్రమంలోనే నడుస్తుంది. చాలా ల్యాప్‌టాపులలో అడాప్టరు నుండి సుమారు 19 వోల్టులు లోనికి వస్తాయి. టైప్-సి తీగ గల వాటిలో మొదట 5 వోల్టులే వచ్చి, అడాప్టరూ బోర్డూ ఒక ఒప్పందానికి వచ్చిన తరువాత అది 20 వరకు పెరుగుతుంది. 5 దగ్గరనే నిలిచిపోయినదంటే ఆ ఒప్పందం కుదరలేదని అర్థం, దానిని నడిపే చిప్పును అనుమానించవలసి ఉంటుంది. లోనికి వచ్చిన విద్యుత్తు మాస్‌ఫెట్లనే ద్వారాలు దాటి ప్రధాన లైనును చేరుతుంది. అందులో నుండి 3.3, 5 వోల్టుల లైన్లు తయారవుతాయి. ఇవి ఉన్నప్పుడే మీట నొక్కిన సంగతిని కనిపెట్టి ఉండే చిన్న నియంత్రణ చిప్పు పని చేయగలదు. అది అనుమతించిన తరువాత మెమరీకి విద్యుత్తు, డి.డి.ఆర్.4 రకమైతే 1.2 వోల్టులు, ఆపై ప్రాసెసరు గర్భానికి ఒక వోల్టుకు అటూ ఇటూగా అందుతాయి. ప్రతి లైనూ ‘నేను సిద్ధం’ అని సంకేతం పంపుతుంది. అన్ని సంకేతాలూ చేరిన పిమ్మటనే ప్రాసెసరుకు విడుదల లభించి, బయాస్ చిప్పులోని మొదటి ఆజ్ఞను చదువుతుంది. ఈ గొలుసులో ఎక్కడ తెగినదో తెలుసుకొనడమే రోగనిర్ణయం, తక్కినది చేతిపని.

ఆ నిర్ణయానికి మాంత్రికశక్తులేవీ అవసరం లేదు. ముందు బ్యాటరీ విడదీయాలి. విద్యుత్తు ఇవ్వకుండానే మల్టీమీటరుతో ప్రతి కాయిల్ దగ్గర నేలకు, అనగా గ్రౌండుకు, గల నిరోధాన్ని కొలవాలి. ప్రధాన లైను మీద అది సున్నకు దగ్గరగా ఉంటే షార్టు ఉన్నదన్నమాట. ఇక్కడ కొత్తవారు పొరపడే చోటు ఒకటున్నది. ప్రాసెసరు లైను నిరోధం సహజంగానే అతి తక్కువ. దానిని చూసి షార్టని భ్రమించి మంచి బోర్డులను చెత్తలో వేసినవారు కలరు. తరువాత, కరెంటు పరిమితి గల బెంచి సప్లై నుండి విద్యుత్తు ఇచ్చి ఆంపియర్ల అంకెను గమనించాలి. అంకె సున్న వద్దనే ఉంటే ద్వారం తెరుచుకోలేదు. ఒక్కసారిగా పరిమితిని తాకితే షార్టు. నూరవ వంతుల్లో నిలిచి, మీట నొక్కినా కదలకపోతే స్టాండ్‌బై వచ్చినా మేల్కొలుపు రాలేదు. పైకి లేచి మరల పడిపోతూ ఉంటే ప్రయాణం మొదలై మధ్యలో వెనుదిరుగుతున్నది. హకీము నాడి మీద వేళ్ళుంచి రోగం ఊహించే తీరు దీనికి చాలా దగ్గర.

షార్టు ఉన్నదని తేలిన తరువాత, ఒకే లైనుపై వరుసగా ఉన్న ఇరవై ముప్ఫై కెపాసిటర్లలో దోషి ఏదో పట్టే ఉపాయం ముచ్చటైనది. బోర్డుపై ఐసోప్రొపైల్ ఆల్కహాలు పలుచగా పూసి, ఆ లైనులోనికి ఒక వోల్టు మాత్రమే పంపి, కరెంటును మెల్లగా పెంచుతారు. దోషి వేడెక్కుతుంది, ఆల్కహాలు ముందుగా ఆరిపోయిన చోటే దాని చిరునామా. ఉష్ణ కెమెరా ఉన్నవారికి ఇది క్షణాల పని. అయితే లైను సహజంగా మోసే వోల్టేజిని మించి పంపరాదు. ప్రాసెసరు లైనులోనికి 5 వోల్టులు పంపిన ఉత్సాహవంతుడు రోగిని తానే చంపినవాడవుతాడు.

మన విద్యార్థి ఒకరి యంత్రం నిరుడు ఇలాగే ఆగిపోయినది. సర్వీసు కేంద్రంవారు తెరిచి చూడకుండానే బోర్డు మార్చాలన్నారు. వారు చెప్పిన ధరకు మరి కొంత కలిపితే ఇంకొక యంత్రమే వచ్చేది. బజారులోని ఒక పనివాడు ముప్పావు గంటలో ప్రధాన లైను మీది ఒక కెపాసిటరును తీసి, పాత బోర్డు నుండి అటువంటిదే తెచ్చి అతికించాడు. ఆ యంత్రం నేటికీ నడుస్తున్నది.

అన్ని బోర్డులూ ఇలా బతుకుతాయని నేను అనను. ప్రాసెసరుకు విద్యుత్తును తగ్గించి ఇచ్చే పై మాస్‌ఫెట్ షార్టయి, 19 వోల్టులూ నేరుగా ప్రాసెసరులోనికి చొరబడితే ఇక ఆశ లేదు. అప్పుడు ‘పోయింది’ అనవచ్చు. కాని అది విచారించి చెప్పిన మాట అవుతుంది. టీ ఒలికిన యంత్రాల సంగతి వేరు. తడి కన్న, తడిలో పారే విద్యుత్తే రాగిని తినివేస్తుంది. కావున వెంటనే బ్యాటరీని తొలగించాలి. వెలుగుతుందేమోనని మీట నొక్కి చూడరాదు. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టే ఆచారం వలన పాలూ పంచదారా ఎక్కడికీ పోవు. రేకు కప్పుల కింద కూడా ఆల్కహాలుతో, మెత్తని బ్రష్షుతో కడగవలసిందే.

బజారు పనివారినందరినీ పొగడడం కూడా నా ఉద్దేశం కాదు. విచారణ లేకుండా చిప్పుపై వేడిగాలి ఊది, రెండు వారాలు నడిపించి సొమ్ము తీసుకొనే దుకాణాలూ ఉన్నవి. ఈ రోగానికి చరిత్ర ఉన్నది. కొన్ని గ్రాఫిక్స్ చిప్పులలో లోపలి అతుకులు బలహీనమై ల్యాప్‌టాపులు చెడిపోతున్నందున, 2008 జూలైలో ఎన్‌విడియా సంస్థ 15 కోట్ల నుండి 20 కోట్ల డాలర్ల వరకు భారం పడుతుందని ప్రకటించవలసి వచ్చినది. లోపం చిప్పు లోపల ఉండగా, వేడి చేస్తే అతుకు కొంతకాలం కలిసి మరల విడిపోయేది. ఆ అలవాటు నేటికీ పోలేదు. చూడకుండా చంపడమూ చూడకుండా కాల్చడమూ ఒకే జాతి దోషాలు.

ఇక కంపెనీల వైఖరి. పూర్వపు వాల్వు రేడియోలలో సర్క్యూటు పటాన్ని పెట్టె లోపలనే అతికించి ఇచ్చిన సంస్థలుండేవి. 1981లో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరుతో పాటు, సర్క్యూటు పటాలూ బయాస్ పాఠమూ ముద్రించిన సాంకేతిక గ్రంథాన్ని విక్రయించినది. ఈనాటి ల్యాప్‌టాపుల పటాలను మాత్రం చాలా కంపెనీలు రహస్యంగా దాచుకుంటున్నవి. మరమ్మతు చేసేవాడు వాటిని దొంగచాటుగా సంపాదించుకొనవలసిన దుస్థితి. 2018 నుండి వచ్చిన కొన్ని ఆపిల్ ల్యాప్‌టాపులలో టి2 అనే చిప్పు దత్తాంశాలను గుప్తలిపిలో భద్రపరచినది. ఆ నిల్వ బోర్డుకే అతికి ఉండుటచే, బోర్డు మారిస్తే లోపలి పరిశోధన వ్యాసమూ పెళ్ళి ఫోటోలూ పోయినట్లే. అక్కడ బోర్డును బతికించడమే వాటిని బతికించే మార్గం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు చట్టం చేసినది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఈ హక్కు కోసం ఒక కమిటీని నియమించినది. పటం లేనిదే హక్కు కాగితం మీది హక్కుగానే ఉంటుంది.

తెలుగు ఉపన్యాసకునికి ఇందులో పని ఏమిటని కదా ప్రశ్న. హైదరాబాదు కోఠీలో, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఈ విద్య ఉస్తాదు నుండి షాగిర్దుకు నోటిమాటగా, చేతివాటంగా సాగుతున్నది. షార్టు, లైను, కాయిల్ అనే మాటలు అక్కడ ఉర్దూకూ తెలుగుకూ ఉమ్మడి ఆస్తి. కెపాసిటరుకు సంస్కృత సమాసం కట్టిపెట్టమని నేను కోరను. కాని ఏ లక్షణానికి ఏ లైను చూడాలో, ఏ కొలత సహజమో, ఏది దోషమో వ్రాసుకొనేవారు అరుదు. దుకాణం మూతపడితే అక్కడి అనుభవమంతా మూతపడుతుంది. వ్రాయడం నేర్పేవారికి ఇక్కడ పని ఉన్నది.

మన కంప్యూటరు ప్రయోగశాల పక్క గదిలో వెలగని ల్యాప్‌టాపులు తూకం మీద వేలానికి ఎదురుచూస్తున్నవి. పాలక సంఘం పెద్దలకు నా మనవి: ఆ వేలాన్ని ఒక విద్యా సంవత్సరం నిలుపుదల చేయండి. ఒక మల్టీమీటరు, 30 వోల్టులు 5 ఆంపియర్ల బెంచి సప్లై, వేడిగాలి పరికరం, సోల్డరింగ్ ఐరన్, ఒక సూక్ష్మదర్శిని చాలును. బజారు నుండి మంచి పేరున్న ఉస్తాదును వారానికి రెండు రోజులు గౌరవ వేతనంపై పిలిపించండి; ఆయన్ను డిగ్రీ అడగవద్దు. ఆ బల్ల వద్ద విద్యార్థినులకు సమాన స్థానం ఉండాలి. ఇంట జర్దోజీ పనిలో ఆరితేరిన వేళ్ళకు ఈ కెపాసిటర్లు పెద్ద లెక్క కావు. ఉబ్బిన బ్యాటరీలను మాత్రం ఎవరూ తెరవరాదు, గుచ్చరాదు. వాటిని విడిగా ఉంచి అధీకృత రీసైక్లింగ్ సంస్థలకే అప్పగించాలి.

ప్రతి యంత్రానికీ రిజిస్టరులో ఒక పుట కేటాయించి, లక్షణం, కొలతలు, కనిపెట్టిన దోషం తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించాలి. బాగుకాని వాటికి కూడా ప్రయాణం ఎక్కడ ఆగినదో ఆ పుటలో ఉండాలి. వేలానికి అవి ఆ తరువాత పోవచ్చును. సామగ్రి పద్దును భౌతికశాస్త్ర శాఖ మిత్రులతో కలిసి తయారుచేసి, పాలక సంఘం వచ్చే సమావేశానికి సమర్పించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.