గీజర్‌లో అయిపోయేది నీళ్లు కాదు

డిసెంబర్‌లో అమ్మానాన్న ఊరి నుంచి మియాపూర్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చారు. నాలుగో రోజు పొద్దున బాత్‌రూమ్ పక్క నుంచి వెళ్తుంటే లోపల నాన్న "హుహుహు" అంటూ వణుకుతున్నారు. బయటికి రాగానే అడిగా. "నాకు చన్నీళ్లే అలవాటు కదరా" అన్నారు. పచ్చి అబద్ధం. ఊళ్లో కాగు కింద కట్టెలు ఎగదోసి మరీ కాచుకునే మనిషి.

అసలు సంగతి అమ్మ చెప్పింది. ఆఫీస్ క్యాబ్ ఉంది కాబట్టి ముందు నేను, తర్వాత నా భార్య, తర్వాత అమ్మ. ఆయన వంతు వచ్చేసరికి గీజర్ చేతులెత్తేస్తోంది. "పిల్లలకి చెప్పకు" అని అమ్మ దగ్గర మాట కూడా తీసుకున్నారట.

మెకానిక్‌ని పిలిస్తే, "పదిహేను లీటర్లు నలుగురికి ఎక్కడ సరిపోద్ది సార్, పాతికది వేయించుకోండి" అన్నాడు. వేయించేవాణ్ణే. ఎందుకో ఒకసారి లెక్క వేశా.

ఒంటికి హాయిగా ఉండేది దాదాపు 40 డిగ్రీల నీళ్లు. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలు ఉంటే, 20 డిగ్రీల చన్నీళ్లు సమానంగా కలుపుకోవచ్చు. అంటే 15 లీటర్లు కాస్తా 30 అవుతాయి. బకెట్టున్నర! అదే గీజర్ 45 దగ్గరే ఆగిపోతే, నాలుగు లీటర్ల చన్నీళ్లు కలిపేసరికే సరి. మొత్తం 19 లీటర్లు కూడా రావు. ట్యాంకు అదే, బకెట్ మాత్రం నిండదు.

ఎంసీబీ ఆపేసి (స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు) మెకానిక్ చేతే కింది మూత తీయించా. లోపల థర్మోస్టాట్ మీద చిన్న స్క్రూ. ఎవరు తిప్పారో ఏమో, బాగా తక్కువలో ఉంది. 60కి పెట్టించా. బోరు నీళ్లు కదా, హీటింగ్ రాడ్‌కి తెల్లగా సున్నం కట్టింది. అదీ గీకించా. దానివల్ల నీళ్లేమీ పెద్దగా పెరగవు గానీ, వదిలేస్తే రాడ్ కాలిపోతుంది.

ఇంకో దొంగ మిగిలాడు. నేనే. మా షవర్ కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కితే సరిగ్గా రెండు నిమిషాల్లో నిండింది. అంటే 30 లీటర్లకి మూడు నిమిషాలు. నేనేమో నీళ్లు చల్లబడేదాకా షవర్ కింద నిలబడి, చల్లబడ్డాక బయటికొచ్చే రకం! పైగా వేడినీళ్ల ట్యాప్ ఫుల్‌గా తిప్పితే, కింద నుంచి వచ్చే చన్నీళ్లు ట్యాంకులోని వేడినీళ్లని కలిపేస్తాయి. సన్నగా తిప్పితే వేడినీళ్లు పైన నిలిచి, ముందు అవే వస్తాయి.

ఇప్పుడు అందరం బకెట్ స్నానమే. బకెట్‌కి పది లీటర్ల వేడినీళ్లు చాలు. ఆ పది లీటర్లు 2000 వాట్ల రాడ్ మీద మళ్లీ కాగడానికి పావుగంట. మధ్యలో పావుగంట ఆగడమే అసలు కష్టం, ఆఫీస్ రోజుల్లో మరీను. నాన్న ఎలాగూ ఐదింటికే లేస్తారు కాబట్టి మొదటి వంతు ఆయనకిచ్చేశాం.

ఒక్క జాగ్రత్త. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాల్చేస్తాయి. చిన్నపిల్లలుంటే 50 దాటించకండి. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే, లీకేజీ అనుకుని దానికి బిరడా కొట్టకండి. లోపలి ప్రెషర్ బయటికి పోయే దారి అదే.

మొన్న నాన్న స్నానం చేసి వచ్చి, "మరీ కాలుతున్నాయిరా, కాస్త తగ్గించు" అన్నారు. తగ్గించలేదు. రాత్రి పడుకునే ముందే సగం బకెట్ చన్నీళ్లు పట్టి ఉంచుతున్నా.