ట్రాక్టరు రైతుది, తాళం కంపెనీది

లక్షల డాలర్లు పెట్టి కొన్న ట్రాక్టరు సరిగ్గా విత్తనాల అదునులో ఆగిపోతుంది. స్క్రీన్ మీద ఒక కోడ్ వస్తుంది. పార్టు మార్చడం రైతుకూ వచ్చు, పక్క ఊరి మెకానిక్‌కూ వచ్చు. కానీ మార్చిన పార్టును బండి ఒప్పుకోవాలంటే డీలరు ల్యాప్‌టాప్ రావాల్సిందే. అప్పటిదాకా అదును ఆగదు. అమెరికా రైతులు ఏళ్ల తరబడి చెబుతున్న గోడు ఇది. వాళ్ల వేలు చూపిస్తున్నది ప్రధానంగా జాన్ డీర్ కంపెనీ వైపు.

1837లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని గ్రాండ్ డెటూర్ అనే చిన్న ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి, విరిగిన రంపపు పలకతో ఉక్కు నాగలి చేశాడు. అక్కడి జిగట నేల ఆ నాగలికి అంటుకోలేదు. రైతుల పనిముట్లు బాగుచేస్తూ బతికిన ఆ కొలిమి నుంచే ఇంత పెద్ద కంపెనీ పుట్టింది. ఈ సంగతి గుర్తుంచుకుని ఇవాళ దాన్ని నడుపుతున్న జాన్ మే గురించి మాట్లాడుకుందాం.

మే 1997లో కంపెనీలో చేరారు. చైనాలో వ్యాపారం చూశారు, ఐయోవాలోని డుబుక్ ఫ్యాక్టరీకి మేనేజరుగా పనిచేశారు. 2012 నుంచి కొన్నేళ్లు కంపెనీ సమాచార సాంకేతిక విభాగం ఆయన చేతిలో ఉండేది. కలుపు మొక్కను కెమెరాతో గుర్తుపట్టి దాని మీదే మందు కొట్టే యంత్రం తయారు చేస్తున్న బ్లూ రివర్ అనే చిన్న సంస్థను 2017లో 30.5 కోట్ల డాలర్లకు కొన్నది ఆ కాలంలోనే. 2019 నవంబరులో సీఈఓ అయ్యారు, మరుసటి ఏడాది ఛైర్మన్ కూడా అయ్యారు. 2022లో డ్రైవరు లేకుండా దున్నే ట్రాక్టరును ప్రపంచానికి చూపించారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆయన పనితనాన్ని మేము తక్కువ చేయడం లేదు. చేనంతా తడపకుండా కలుపు మీదే మందు పడితే రైతుకు ఖర్చు తగ్గుతుంది, నేలకూ మంచిదే. మా అభ్యంతరం యంత్రం మీద కాదు. దాని మీద పెత్తనం ఎవరిదన్నదే మా ప్రశ్న.

ఆయన నాయకత్వాన్ని కార్మికులు 2021లో పరీక్షించారు. ఆ ఏడాది కంపెనీ లాభం దాదాపు 600 కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాది సీఈఓ ప్రతిఫలం ఒకటిన్నర కోట్ల డాలర్ల పైమాటే. కార్మికుల ముందు పెట్టిన పెంపు మాత్రం వాళ్లకు ఆనలేదు. అక్టోబరు 14న పదివేల మంది పని ఆపేశారు. ఆ కంపెనీలో 35 ఏళ్ల తర్వాత వచ్చిన సమ్మె అది. రెండు ఒప్పందాలను ఓటుతో తిరగ్గొట్టి, మూడోదానికి ఒప్పుకున్నారు. వెంటనే పది శాతం జీతం పెరిగింది. 2023లో లాభం వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. 2024లో పంట ధరలు పడిపోయి ట్రాక్టర్ల అమ్మకాలు తగ్గగానే వేటు మళ్లీ కార్మికుల మీదే పడింది.

ఇక రైతు సంగతి. అమ్మిన యంత్రం మీద ఒకసారి వచ్చే డబ్బుతో సరిపెట్టుకోకుండా, సాఫ్ట్‌వేర్ చందాల లాంటి వాటితో ఏటా వచ్చే రాబడిని 2030 నాటికి మొత్తం ఆదాయంలో పది శాతం చేయాలన్నది మే పెట్టుకున్న లక్ష్యం. అంటే కిస్తీలు తీరిపోయినా కట్టుబడి మాత్రం తీరదు. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో డీలరు దగ్గర నుంచి రష్యా సైనికులు ఎత్తుకెళ్లిన జాన్ డీర్ యంత్రాలను దూరం నుంచే పనిచేయకుండా చేశారని పత్రికలు రాశాయి. దొంగకు తగిన శాస్తే. కానీ దొంగ చేతిలో బండిని ఆపగలిగిన తాళం, దొర చేతిలో బండిని కూడా ఆపగలదు కదా?

2023 జనవరిలో కంపెనీ అమెరికా ఫార్మ్ బ్యూరోతో ఒక అవగాహన పత్రం మీద సంతకాలు చేసింది. రిపేరు సమాచారం, పరికరాలు రైతులకు అందిస్తామంది. బదులుగా రిపేరు హక్కు చట్టాలకు మద్దతివ్వబోమని రైతు సంస్థ ఒప్పుకుంది. ఇక్కడే మనలాంటి సంఘాలు పాఠం నేర్చుకోవాలి. మాట తీసుకుని నోరు తాకట్టు పెట్టకూడదు. అదే ఏడాది ఏప్రిల్లో కొలరాడో రైతులు పట్టుబట్టి ఏకంగా చట్టమే తెచ్చుకున్నారు. 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రిపేర్లను గుత్తకు పట్టుకుందంటూ కంపెనీ మీద కోర్టుకెక్కింది. కంపెనీ ఆ ఆరోపణను కాదంటోంది. అదే ఏడాది జులైలో రైతులు సొంతంగా వాడుకునే రిపేరు సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది, అదీ ఒక్కో యంత్రానికి ఏడాదికి 195 డాలర్లకు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఈ కంపెనీ పుణె దగ్గర ట్రాక్టర్లు తయారు చేస్తోంది. మన ఊళ్లలో దమ్ము చేసే చిన్న ట్రాక్టర్లను ఊరి మెకానిక్ ఇప్పటికీ విప్పి బిగించగలడు. కానీ 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటితో ఇంజన్లలోకి సెన్సర్లు, కంప్యూటర్ బోర్డులు చేరుతున్నాయి. ఏ కంపెనీ బండి అయినా ఇదే దారి. పొగ తగ్గడం మంచిదే. బోర్డు వచ్చిన చోట తాళం కూడా రాకుండా చూసుకోవడం మన పని.

కేంద్రం 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ యంత్రాలను కూడా చేర్చింది. ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ వేరు, చట్టం వేరు. రిపేరు పుస్తకం, లోపాల కోడ్‌ల జాబితా తెలుగులో ఇవ్వాలి. డీలరుకిచ్చే సాఫ్ట్‌వేర్ ఊరి మెకానిక్‌కూ సరసమైన ధరకు దొరకాలి. బయట పార్టు వేశారని వారంటీ ఎగ్గొట్టకూడదు. యంత్రం సేకరించే పొలం లెక్కలు రైతువే కావాలి. ఈ నాలుగింటినీ చట్టంలో రాయాలన్నది మా డిమాండ్.

కొత్త ట్రాక్టరు కొనబోయే సభ్యులు ధర, కిస్తీలతో పాటు ఇంకొక్క ప్రశ్న షోరూంలో అడగండి: "ఇది ఆగిపోతే మా ఊరి మెకానిక్ బాగుచేయగలడా?" జవాబు కాగితం మీద రాయించుకోండి. గ్రామ కమిటీ సమావేశాల్లో ఆ కాగితాలు పోగుచేయండి. రేపు అధికారుల ముందు మనం పెట్టాల్సిన సాక్ష్యం అదే.